అరుగు మీది కబుర్లు – జోరా నీల్ హర్‌స్టన్

పట్నాల్లో మన ఇళ్ళకు అరుగులు పోయి చాలా కాలమైంది. అరుగులతో పాటు సాయంకాలం వాటి మీద కూర్చుని చెప్పుకునే కబుర్లూ పోయాయి. ఎవరి మామగారు ఎంత పిసినారో, పేదరాశి పెద్దమ్మ ఏం చేసిందో, దెయ్యం ఏ చింతచెట్టు మీద కాపురముందో – ఇవన్నీ ఒక మనిషి పని గట్టుకుని విని వ్రాసిపెట్టవలసిన సంగతులేనా? పనిలేని వాళ్ళ ఊసుపోక కబుర్లని మన పెద్దలే తీసిపారేశారు గదా! అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో పెరిగిన ఒక నల్లజాతి ఆడపిల్ల మాత్రం, అవి వ్రాసిపెట్టవలసిన సంగతులేనని నమ్మింది. నమ్మి, బ్రతుకంతా ఆ పనికే ధారపోసి, చివరికి చేతిలో పైసా లేకుండా పోయింది. ఆమె పేరు జోరా నీల్ హర్‌స్టన్. ఈనాటి ప్రసంగంలో ఆమె సంగతి చెప్పుకుందాం.

జోరా 1891 జనవరి 7వ తేదీన అలబామా రాష్ట్రంలో నోటాసల్గా అనే ఊళ్ళో పుట్టింది. ఎనిమిది మంది సంతానంలో అయిదవది. ఆమె పసితనంలోనే కుటుంబం ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌కు తరలివచ్చింది. ఈ ఊరి గురించి కాస్త చెప్పాలి. అమెరికాలో బానిసత్వం రద్దయినది 1865లో. ఆ తరువాత ఇరవైరెండేళ్ళకు, 1887లో, నల్లవాళ్ళే పూనుకుని, నల్లవాళ్ళే ఓట్లు వేసుకుని, తమకంటూ పురపాలక సంఘాన్ని ఏర్పాటు చేసుకున్న ఊరు అది. మేయరూ నల్లవాడే, కొట్టు యజమానీ నల్లవాడే. జోరా తండ్రి జాన్ వడ్రంగి పని చేసేవాడు, చర్చిలో ప్రసంగాలు చేసేవాడు, కొన్నాళ్ళు ఆ ఊరి మేయరుగా కూడా ఉన్నాడు. తల్లి లూసీ ఒకప్పుడు పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పిన మనిషి. చుట్టుపక్కలంతా నల్లవాడు తెల్లవాడికి ఒదిగి ఒదిగి బ్రతకవలసిన రోజుల్లో, "నువ్వు తక్కువదానివి" అన్న మాట చెవిని పడకుండా ఈ పిల్ల పెరిగింది. తరువాతి కాలంలో ఆమెలో కనిపించే ధీమాకూ, మొండితనానికీ ఆ ఊరే మూలమని నాకనిపిస్తుంది.

ఆ ఊళ్ళో జో క్లార్క్ అనే ఆయనకు దుకాణం ఉండేది. దుకాణం ముందొక వసారా. పనులు ముగించుకుని జనం ఆ వసారాలో చేరి కోతలు కోసేవారు. కోతలన్న మాట నేను కావాలనే అంటున్నాను. వాళ్ళు కూడా తమ కథలను "అబద్ధాలు" అనే పిలుచుకునేవారు. ఒక అబద్ధం చెప్పమంటే ఒక కథ చెప్పమని అర్థమన్నమాట. కుందేలు తనకంటే బలమైన జంతువులను ఎలా బోల్తా కొట్టించిందో, జాన్ అనే బానిస దొరగారిని ఎలా బురిడీ కొట్టించాడో, దేవుడు మనుషులకు రంగులు పంచిపెట్టిననాడు ఏం జరిగిందో – అన్నీ అక్కడే. చిన్నపిల్లలు అక్కడ నిలబడి పెద్దల మాటలు వినకూడదు. అయితేనేం, ఇంట్లోంచి ఏ సరుకుకో పంపినప్పుడు జోరా అడుగులో అడుగు వేసుకుంటూ ఆలస్యం చేసి, చెవులు ఆ వసారాకు అప్పగించేది.

1904లో తల్లి పోయింది. జోరాకు అప్పుడు పదమూడేళ్ళు. ఆ ఆఖరి ఘడియల్లో జరిగిన సంగతి ఆమె తన ఆత్మకథలో వ్రాసుకున్నది. అక్కడి ఆచారం ప్రకారం ప్రాణం పోయే మనిషి తలకింద దిండు తీసేస్తారు, గదిలోని గడియారానికీ అద్దానికీ గుడ్డ కప్పుతారు. మన వైపు చావుబతుకుల్లో ఉన్నవాళ్ళను మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టరూ, అలాంటిదే. తల్లి ఈ పిల్లను దగ్గరకు పిలిచి, నాకు ఇవేవీ చేయనీయకు అని చెప్పింది. తీరా సమయం వచ్చేసరికి పెద్దవాళ్ళు దిండు లాగేశారు, గుడ్డలు కప్పేశారు. పిల్ల అడ్డుపడబోతే తండ్రే పట్టుకుని ఆపాడు. అమ్మకిచ్చిన మాట నిలబెట్టలేకపోయానన్న బాధ ఆమెను ఏళ్ళతరబడి వదలలేదు. ఊరూరా తిరిగి ఇలాంటి ఆచారాలనే అడిగి అడిగి వ్రాసుకోబోయే మనిషికి, ఆచారమంటే ఏమిటో మొదట తెలిసివచ్చింది ఇలాగ.

తండ్రి కొద్ది నెలల్లోనే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. సవతితల్లికీ జోరాకూ పడలేదు. జాక్సన్‌విల్‌లో బడికి పంపారు గాని, కొన్నాళ్ళకు ఫీజు కట్టడం మానేశారు. ఆ తరువాత పదేళ్ళకు పైగా బంధువుల ఇళ్ళలో ఉంటూ, ఎవరెవరి ఇళ్ళలోనో పనిమనిషిగా చేస్తూ కాలం గడిపింది. ఊళ్ళు తిరిగే ఒక నాటక బృందంలో గాయనికి పరిచారికగానూ ఉన్నది. 1917లో బాల్టిమోర్ నగరంలో తేలేసరికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. హైస్కూలు చదువు ఇంకా పూర్తికాలేదు. ఆ రాష్ట్రంలో ఇరవయ్యేళ్ళ లోపు వాళ్ళకే ఉచితంగా చదువు చెప్పేవారు. జోరా ఏం చేసిందో తెలుసా? తను 1901లో పుట్టానని వ్రాయించింది! ఇరవై ఆరేళ్ళ మనిషి పదహారేళ్ళ పిల్లయి బెంచీ మీద కూర్చున్నది. తగ్గించుకున్న ఆ పదేళ్ళూ ఇక మళ్ళీ కలుపుకోలేదు. మెట్రిక్‌తో చదువు ఆగిపోయిన నాబోటిదానికి దీన్ని అబద్ధం అనడానికి నోరు రాదు. ఎవరో లాక్కున్న పదేళ్ళను ఆమె వెనక్కు తీసుకున్నది, అంతే.

అక్కడి నుంచి వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం. ఒక పక్క చదువు, ఒక పక్క క్షౌరశాలలో పెద్దమనుషుల గోళ్ళకు మెరుగుపెట్టే ఉద్యోగం. కథలు వ్రాయడం అక్కడే మొదలైంది. 1925 జనవరిలో న్యూయార్క్ చేరేటప్పటికి చేతిలో ఒకటిన్నర డాలరు ఉన్నదట. నల్లజాతి రచయితలు, గాయకులు, చిత్రకారులు హార్లెం పేటలో ఒక వెలుగు వెలుగుతున్న రోజులవి. ఆ ఏడు మే నెలలో ఒక పత్రిక పెట్టిన పోటీలో జోరాకు బహుమతులు వచ్చాయి. ఆ విందులో పరిచయమైన ఒకావిడ చలవ వల్ల బర్నార్డ్ మహిళా కళాశాలలో సీటు దొరికింది. అంత కళాశాలలోనూ నల్లపిల్ల ఆమె ఒక్కతే.

అక్కడ ఆమెను చేరదీసిన గురువుగారు ఫ్రాంజ్ బోయస్. అమెరికాలో మానవశాస్త్రానికి పెద్దదిక్కు. పుట్టిన జాతిని బట్టి తెలివితేటలుంటాయనే వాదాన్ని కొలతలతో, లెక్కలతో ఖండించిన మనిషి. ఆయన కోసం జోరా ఒక కొలత పరికరం పట్టుకుని హార్లెం వీధిలో నిలబడి, దారినపోయే వాళ్ళ తలలు కొలిచేది. ఊహించుకోండి – "ఒక్క నిమిషం ఆగండి, మీ తల కొలుచుకోవాలి" అని నడివీధిలో ఒక ఆడమనిషి అడిగితే ఎలా ఉంటుందో! ఆమె కాబట్టి చెల్లింది గాని ఇంకొకరైతే తన్నులు తినేవారే అన్నట్లు ఆమె స్నేహితుడు, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ వ్రాశాడు.

1927 ఫిబ్రవరిలో 1400 డాలర్ల విద్యార్థివేతనం చేతబట్టుకుని, తన వాళ్ళ కథలూ పాటలూ సేకరించడానికి ఆమె ఫ్లోరిడా బయలుదేరింది. నెలల తరబడి తిరిగింది. చేతికి చిక్కింది దాదాపు ఏమీ లేదు. ఎందుకంటే ఆమె నోట కళాశాల భాష వచ్చేసింది. "అయ్యా, తమకు జానపద గాథలు గాని, గేయములు గాని తెలిసియున్నవా?" అన్న ధోరణిలో అడిగిందనుకోండి. వాళ్ళు బుర్ర గోక్కుని, అలాంటివి మా ఊళ్ళో లేవమ్మా, పక్క తాలూకాలో ఉంటాయేమో చూడు అని పంపేవారు. ఏ వసారా మీద చెవులొగ్గి విన్నదో, ఆ మనుషులే ఆమె ముందు నోరు విప్పలేదు.

ఆ ఏడాదే ఒక తప్పు పనీ చేసింది. అలబామాలోని మొబైల్ నగరం పక్కన కడ్జో లూయిస్ అనే వృద్ధుడు ఉండేవాడు. అసలు పేరు కొసోలా. ఆఫ్రికా నుంచి బానిసలను అమెరికాకు తీసుకురావడం 1808లోనే నిషేధమయింది. అయినా 1860లో "క్లోటిల్డా" అనే ఓడలో దొంగతనంగా నూరుమందికి పైగా ఆఫ్రికా వాళ్ళను మొబైల్‌కు చేర్చారు. అమెరికాకు బానిసలను తెచ్చిన ఓడల్లో మనకు తెలిసినంతలో అదే ఆఖరిది. ఆ ఓడలో వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడే ఈ కొసోలా. గురువుగారూ, విద్యార్థివేతనం ఇచ్చిన చరిత్ర సంఘం పెద్దలూ కోరితే జోరా ఆయనను కలిసి, ఆ సంఘం పత్రికలో 1927 అక్టోబరులో వ్యాసం ప్రకటించింది. ఆ వ్యాసంలో చాలా భాగం 1914లో ఎమ్మా రోష్ అనే ఆవిడ వ్రాసిన పుస్తకంలోంచి ఎత్తి వ్రాసింది. ఇది 1972 వరకు ఎవరూ కనిపెట్టలేదు. అప్పటికి జోరా పోయి పన్నెండేళ్ళు. గొప్పవాళ్ళ జీవితాలు చెప్పేటప్పుడు ఇలాంటివి దాటేయడం మనకలవాటు. దాటేస్తే ఆమె తరువాత చేసిన పని విలువ తెలియదు.

ఎందుకంటే ఆమె మళ్ళీ వెళ్ళింది. 1927 డిసెంబరులో బయలుదేరి, కొసోలా తాత దగ్గరకు వెళుతూ వస్తూనే ఉన్నది. ఉత్త చేతులతో వెళ్ళేది కాదు. ఒకసారి పళ్ళ బుట్ట, ఒకసారి మాంసం, ఒకసారి ఐసుగడ్డ మీద చల్లబరచిన పుచ్చకాయ. తాతకు బుద్ధి పుడితే చెప్పేవాడు. లేకపోతే ఇవాళ తోటపని ఉంది, రేపు రా అనేవాడు. చెప్పని రోజున కలిసి కూర్చుని తిని, చర్చి ఊడ్చి వచ్చేసిందే గాని బలవంతపెట్టలేదు. మొదటిసారి "కొసోలా" అని పిలిస్తే ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. సముద్రం దాటాక ఆ పేరుతో పిలిచే నోరు లేకపోయింది మరి. భార్య పోయింది, ఆరుగురు పిల్లలూ కళ్ళముందే పోయారు. ఫొటో తీస్తానంటే ఇంట్లోకి వెళ్ళి ఉన్నదాంట్లో మంచి కోటు తొడుక్కుని, కాళ్ళకు చెప్పులు మాత్రం విడిచి వచ్చాడు. ఆఫ్రికాలో ఉన్నట్లు కనబడాలని ఆయన కోరిక. భార్యాబిడ్డల సమాధుల మధ్య నిలబడి తీయించుకున్నాడు.

ఈ తిరుగుళ్ళకు డబ్బెవరిచ్చారు? న్యూయార్కులో షార్లట్ మేసన్ అనే ధనవంతురాలైన వృద్ధ వితంతువు ఉండేది. 1927 డిసెంబరులో ఆమెతో ఒప్పందం కుదిరింది. నెలకు 200 డాలర్లు, ఒక కారు, ఒక సినిమా కెమేరా. బదులుగా, జోరా సేకరించిన ప్రతి కథా, ప్రతి పాటా ఆమె సొత్తు. ఆమె అనుమతి లేనిదే ఒక్క ముక్క అచ్చు వేయకూడదు. ఆమెను "గాడ్‌మదర్" అని పిలవాలి. చెప్పుల జత కొనుక్కోవాలన్నా లెక్క చెప్పాలి. పచారీ చిట్టాలో అణా పైసలతో సహా ఒప్పజెప్పవలసివచ్చిన ఇల్లాళ్ళకు ఈ బాధ వేరే వర్ణించనక్కర్లేదు. ఆ డబ్బే లేకపోతే మాత్రం ఆ కథలూ లేవు. రెండూ నిజమే.

1928 మొదట్లో ఆమె ఫ్లోరిడాలో పోల్క్ కౌంటీలోని ఒక కలప కంపెనీ మకాంకు వెళ్ళింది. అడవిలో చెట్లు కొట్టే మోటుమనుషులు, వాళ్ళకు వండిపెట్టే ఆడవాళ్ళు, జీతాలనాడు పేకాట, తాగుడు, కత్తిపోట్లు. మెరిసిపోయే కారులో, పన్నెండు డాలర్ల గౌనులో దిగిన ఈమెను చూసి పోలీసుల మనిషేమోనని అందరూ దూరంగా జరిగారు. అది కనిపెట్టి ఆమె, "నేనూ దొంగసారా వ్యాపారంలో ఉన్నాను, పోలీసులు తరుముతుంటే పారిపోయి వచ్చాను" అని చెప్పింది. వెంటనే దగ్గరకు తీశారు! తరువాత అబద్ధాల పోటీ పెట్టి, బాగా చెప్పిన వాళ్ళకు బహుమతులిస్తానన్నది. ఒకరిని మించి ఒకరు ఎగబడి చెప్పారు. ఆ మకాంలో బిగ్ స్వీట్ అనే ఆవిడ, పేరుకు తగ్గ భారీ మనిషి, మగవాళ్ళే హడలిపోయేవారు, జోరాను చెల్లెల్లా కాపాడింది. చివరికి, తన మనిషిని వల్లో వేసుకుంటోందని అనుమానించిన ఒక ఆడది కత్తి దూస్తే, బిగ్ స్వీట్ అడ్డుపడి కలియబడింది. ఆ గొడవలో జోరా ఒక్క పరుగున కారెక్కి రాత్రికి రాత్రే ఊరు దాటింది.

అలా కూడబెట్టిన కథల్లో ఒకటి మీకు నా మాటల్లో చెప్పకుండా ఉండలేను. మొదట్లో దేవుడు ఆడదానికీ మగవాడికీ సమానంగా బలమిచ్చాడట. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవారు, ఎవరూ గెలిచేవారు కాదు. మగవాడు విసిగిపోయి దేవుడి దగ్గరకు వెళ్ళి, నాకు కాస్త ఎక్కువ బలమియ్యి అని అడిగి తెచ్చుకున్నాడు. ఇంక చూసుకోండి, ఇంటికి వచ్చి ఆవిడను చితకబాదాడు. ఆవిడా వెళ్ళి దేవుణ్ణి అడిగింది. ఇచ్చింది తిరిగి తీసుకోను పొమ్మన్నాడు ఆయన. ఏడుస్తూ వస్తుంటే సైతాను ఎదురై, పిచ్చిదానా, మళ్ళీ వెళ్ళి అక్కడ గోడకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తి అడుగు అన్నాడు. అడిగింది, దేవుడు ఇచ్చేశాడు. మూడే తాళంచెవులు. ఒకటి వంటింటిది, ఒకటి పడకగదిది, ఒకటి ఉయ్యాలది. సాయంకాలం మగవాడు ఇంటికి వచ్చేసరికి మూడు తలుపులూ బిగించి ఉన్నాయి. వాడి బలంతో ఒక్కటీ తెరుచుకోలేదు. నా బలంలో సగమిస్తాను, తాళాల్లో సగమియ్యమని బేరం పెట్టాడు. ఆవిడ సరేననబోతుంటే సైతాను మళ్ళీ వచ్చి చెవిలో ఊదాడు – వాడి బలం వాడి దగ్గరే ఉండనీ, తాళాలు నీ దగ్గర ఉంచుకో అని. బొడ్లో తాళంచెవులు దోపుకుని తిరిగిన మన అమ్మమ్మలకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు గదా! ఎక్కడి ఫ్లోరిడా, ఎక్కడి మనం!

పాటలు సేకరించే పద్ధతి కూడా ఆమెది వేరు. ఒక మూల కాగితం పట్టుకుని కూర్చుంటే జనం బిగుసుకుపోతారు. అందుకని గుంపులో కలిసి తనూ పాడేది. తప్పు పాడితే వాళ్ళు దిద్దేవారు. సరిగ్గా వచ్చిందని వాళ్ళు ఒప్పుకునేదాకా పాడి, ఆ తరువాత ఆ పాటను తన గొంతులోనే మోసుకుని పోయేది. 1939లో జాక్సన్‌విల్‌లో జానపద గేయాలు రికార్డు చేసినప్పుడు, ఈ సంగతి ఆమె స్వయంగా చెప్పి, పాడి వినిపించింది. ఆ ధ్వనిముద్రణ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. రేడియోలో మాట్లాడేదాన్ని కనుక నాకు ఆమె పుస్తకాలెంతో ఆ గొంతూ అంతే. నవ్వు దాచుకుంటూ మాట్లాడే గొంతు అది.

ఇక పుస్తకాలు. 1931 నాటికి కొసోలా తాత చరిత్ర సిద్ధమయింది. తాత తన యాసలో ఎలా చెప్పాడో అలాగే వ్రాసింది. ప్రచురణకర్తలు చూసి, వేస్తాము గాని ఈ యాస తీసేసి మంచి భాషలో మార్చి వ్రాయండి అన్నారు. ఆమె మార్చనన్నది. డబ్బు అత్యవసరమైన రోజుల్లో అన్న మాట ఇది. వ్రాతప్రతి పెట్టెలోకి వెళ్ళిపోయింది. మన తెలుగువాళ్ళకు ఈ తగవు కొత్తదేమీ కాదు. మనుషులు మాట్లాడే భాషే భాష అని గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్నేళ్ళు పోరాడారో మనకు తెలుసు. పర్లాకిమిడిలో సవరల మధ్య కూర్చుని వాళ్ళ నోటి మాట నేర్చి, ఆయన తయారు చేసిన సవర భాషా గ్రంథం అచ్చయినది కూడా ఆ 1931లోనే. ఈ ఇద్దరికీ ఒకరి పేరొకరికి తెలిసే అవకాశమే లేదు. అయినా ఒకే మాట మీద నిలబడ్డారు.

1935లో ఆమె జానపద కథల సంపుటం "మ్యూల్స్ అండ్ మెన్" వెలువడింది. బోయస్‌గారు పీఠిక వ్రాశారు. నల్లజాతి స్త్రీ తన వాళ్ళ జానపద వాఙ్మయాన్ని తానే సేకరించి అలా గ్రంథంగా తేవడం అంతకుముందు లేదు. పుస్తకంలో ఉత్త కథలే ఉండవు. ఎవరు చెప్పారు, ఎవరు నవ్వారు, ఎవరు మధ్యలో లేచి తగవుపడ్డారు – అన్నీ ఉంటాయి. కథ కంటే చెప్పిన మనుషులే ఎక్కువ గుర్తుంటారు. ఆ తరువాత జమైకా, హైతీ ద్వీపాలు తిరిగి అక్కడి నమ్మకాల గురించి 1938లో మరో పుస్తకం. మధ్యలో హైతీలో ఉండగా ఏడు వారాల్లో ఒక నవల వ్రాసేసింది. ఇవాళ ఆమె పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది 1937లో అచ్చయిన ఆ నవలే. మూడుసార్లు పెళ్ళి చేసుకున్నది, ఏదీ నిలవలేదు. కాపురం, తిరుగుడు రెండూ ఒక చోట ఇమడలేదు.

మెచ్చుకున్నవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళూ ఉన్నారు. తిట్టినవాళ్ళలో ముఖ్యులు ఆమె జాతివాళ్ళే. రిచర్డ్ రైట్ అనే పేరున్న రచయిత, ఈమె మనవాళ్ళ యాసను చూపించి తెల్లవాళ్ళను నవ్విస్తోందని మండిపడ్డాడు. స్టెర్లింగ్ బ్రౌన్ అనే కవి, ఈ పుస్తకంలో మనవాళ్ళ కడుపుమంట ఏదీ అని అడిగాడు. నల్లవాళ్ళను చెట్లకు ఉరితీస్తున్న రోజులవి. ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేననను. కాని నవ్వే మనిషికి కడుపులో మంట లేదనుకోవడమూ సరికాదు. బానిస దొరను బోల్తా కొట్టించే కథ నవ్వు కోసమే పుట్టిందా? ఆమె మొండితనం మాత్రం కొన్నిసార్లు హద్దు దాటేది. నల్లపిల్లలనూ తెల్లపిల్లలనూ ఒకే బడిలో కూర్చోబెట్టాలన్న 1954 నాటి సుప్రీం కోర్టు తీర్పును కూడా ఆమె తప్పుపట్టింది. మా బడులూ, మా పంతుళ్ళూ ఏం తక్కువని? అని ఆమె పట్టుదల. ఈటన్‌విల్‌లో పెరిగిన పిల్లకు అలా తోచింది. తక్కిన చోట్ల బడులు ఎలా ఉన్నాయో చూసినవాళ్ళకు అలా తోచలేదు.

పేరుకు తగ్గ డబ్బు ఎన్నడూ రాలేదు. 1938లో, అన్ని పుస్తకాలు వ్రాసిన తరువాత, ప్రభుత్వం వాళ్ళ రచయితల పథకంలో చిన్న ఉద్యోగిగా చేరవలసివచ్చింది. ఏ పుస్తకం మీదనైనా ఆమెకు వచ్చిన అత్యధిక రాయల్టీ 943 డాలర్ల 75 సెంట్లు. 1948లో ఒక పసివాడి విషయంలో ఆమె మీద నీచమైన అభియోగం వచ్చింది. ఆ సమయంలో ఆమె దేశంలోనే లేదు, హొండురాస్‌లో ఉన్నది. కేసు కొట్టేశారు. ఈలోగా నల్లజాతి పత్రికే ఒకటి దాన్ని రచ్చకెక్కించింది. చచ్చిపోవాలనిపించిందని స్నేహితుడికి ఉత్తరం వ్రాసింది. 1950లో ఆమె మయామీ నగరంలో ఒక ఇంట్లో పనిమనిషిగా ఉన్నది. ఇంటి యజమానురాలు ఒక ప్రసిద్ధ వారపత్రిక తిరగేస్తుంటే అందులో తమ పనిమనిషి వ్రాసిన కథ కనిపించింది!

చివరి రోజులు ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ అనే ఊళ్ళో గడిచాయి. స్థానిక పత్రికకు వ్రాసేది, కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. పక్షవాతం వచ్చి, జిల్లా ప్రభుత్వం వారి అనాథాశ్రమంలో చేరింది. 1960 జనవరి 28న అక్కడే కన్నుమూసింది. చందాలు వేసుకుని ఖననం చేశారు. సమాధి మీద రాయి వేయడానికి డబ్బు చాలలేదు.

ఆమె పోయాక, అద్దెకున్న ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు ఆమె కాగితాలన్నీ పెరట్లో పోగేసి నిప్పంటించారు. ఆ దారినే పోతున్న పాట్రిక్ డువాల్ అనే నల్లజాతి పోలీసు అధికారి పొగ చూసి ఆగాడు. ఆమెను ఎరిగినవాడు. అవేమిటో పోల్చుకుని, గబగబా గొట్టంతో నీళ్ళు కొట్టి మంట ఆర్పాడు. అంచులు కాలిన ఆ కాగితాలు ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అరుగుల మీది కథలు తరతరాలు నిలవాలని ఊరూరా తిరిగిన మనిషి వ్రాతలు, ఒక పోలీసాయన ఆ సమయానికి ఆ వీధిన రాబట్టి నిలిచాయి.

పదమూడేళ్ళు ఆ సమాధి గుర్తు లేకుండా ఉన్నది. 1973లో యువరచయిత్రి ఆలిస్ వాకర్, నేను జోరా మేనకోడలినని చెప్పుకుని ఆ ఊరు వెళ్ళింది. నడుము లోతు గడ్డి, పాముల భయం. ఎక్కడని వెదకడం? "జోరా! జోరా!" అని కేకలు వేస్తూ గడ్డిలో తిరిగింది. ఒకచోట కాలు గుంటలో పడింది. అదే అని నిర్ణయించుకుని తన డబ్బుతో రాయి వేయించింది. పెద్ద రాయికి సొమ్ము సరిపోక మామూలు రాయే వేయించింది. దాని మీద పుట్టిన సంవత్సరం 1901 అని చెక్కించింది. బడి కోసం చెప్పిన ఆ పదేళ్ళ అబద్ధాన్ని అప్పటికి అందరూ నిజమనే నమ్ముతున్నారు. ఇందాక చెప్పుకున్నాం గదా, కోతల్లో ఆమెను మించినవాళ్ళు లేరు!

1975లో వాకర్ ఈ సంగతులన్నీ వ్యాసంగా వ్రాసింది. 1977లో సమగ్రమైన జీవిత చరిత్ర వచ్చింది. పుస్తకాలు ఒక్కొక్కటే మళ్ళీ అచ్చయి, కళాశాలల్లో పాఠ్యగ్రంథాలయ్యాయి. ఆమె ఫ్లోరిడాలోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ సేకరించిన దాదాపు 500 కథల వ్రాతప్రతి ఎక్కడో దస్తావేజుల మధ్య మరుగునపడి ఉండి బయటికి వచ్చింది. 2001లో దాన్ని పుస్తకంగా వేశారు. కొసోలా తాత చరిత్ర 2018లో "బారకూన్" అన్న పేరుతో వెలువడింది. 1931లో మార్చమన్న ఆ యాసను ఎవరూ మార్చలేదు. తాత అన్నట్లే ఉన్నది ప్రతి మాటా.

ఆ మరుసటి ఏడు, 2019లో, మొబైల్ దగ్గర నదీముఖంలో బురదలో కూరుకుపోయిన ఒక ఓడ శిథిలం క్లోటిల్డాదేనని నిపుణులు తేల్చారు. చేసిన నేరానికి సాక్ష్యం మిగలకూడదని మనుషులను దింపగానే ఆ ఓడను కెప్టెనే తగలబెట్టాడు. నూట యాభై తొమ్మిదేళ్ళ తరువాత దాని కాలిన పలకలు బయటపడ్డాయి. ఆ ఓడ అడుగున పడి వచ్చిన మనిషి మాట మాత్రం అప్పటికే జనం చేతుల్లో ఉన్నది.